వ్యాన్‌కి లేచే రూఫ్ పెట్టించుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో మేం ఉండే ఊళ్లో ఉగాదికీ దీపావళికీ హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్లమంతా కలుస్తాం. భోజనాలయ్యాక కార్ పార్కులో మా వ్యాన్ చుట్టూ నలుగురైదుగురు చేరతారు. "అన్నా, ఒక్కసారి పైకి లేపి చూపించవా" అంటూ మొదలుపెట్టి, ఖర్చెంత, వానొస్తే కారదా, పిల్లలు పడిపోరా అని వరసపెట్టి అడుగుతారు. అవే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి. మాది 2013 ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ టీ5, పొట్టి వీల్‌బేస్‌ది (ముందు, వెనక చక్రాల మధ్య దూరం తక్కువది). ఒక ప్లంబర్ దగ్గర కొన్నాం. 2021లో రూఫ్ కోయించి పాప్‌టాప్, అంటే లేచే రూఫ్ పెట్టించాం. మేం ఇద్దరం, పిల్లలిద్దరు. ఈ నాలుగేళ్లలో నేర్చుకున్నదే రాస్తున్నాను.

లేచే రూఫ్ అంటే ఏమిటి? హైటాప్‌కీ దీనికీ తేడా ఏమిటి?

వ్యాన్ ఇనప కప్పును మధ్యలో పెద్ద రంధ్రంగా కోసేసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ మూత అమరుస్తారు. మూతకీ వ్యాన్‌కీ మధ్య చుట్టూ గుడ్డ ఉంటుంది. ఆగినచోట మూత పైకి లేపుకుంటే లోపల నిలబడొచ్చు, పైన ఒక పడకా వస్తుంది. బయల్దేరేటప్పుడు దించేస్తే వ్యాన్ మళ్లీ మామూలు వ్యానే. హైటాప్ అలా కాదు, ఎప్పుడూ ఎత్తుగానే ఉండే టోపీ అది. గుడ్డ లేదు కాబట్టి చలికాలానికి హైటాప్ మేలు. వారంలో ఐదు రోజులు అదే బండిలో ఆఫీసుకీ, బడికీ, సూపర్ మార్కెట్‌కీ తిరిగేవాళ్లకు లేచే రూఫే నప్పుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఫోక్స్‌వ్యాగన్ తొలి వ్యాన్ తయారీ 1950లో మొదలైతే మరుసటేడే వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ సంస్థ అందులో పడకలు అమర్చడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో కెంట్ తీరాన ఫోక్‌స్టోన్‌లో మార్టిన్ వాల్టర్ కంపెనీ చేసిన 'డోర్మొబైల్' రూఫ్ పక్కకు తెరుచుకునేది. దాని ఎర్రతెల్ల చారల గుడ్డ ఇక్కడి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. మా పక్కింటి పెద్దాయన ఏ క్యాంపర్ వ్యాన్‌నైనా డోర్మొబైల్ అనే అంటారు.

మాకు నిజంగా అవసరమా?

ఏడాదికి రెండు మూడు రాత్రులే బయట పడుకుంటారనుకుంటే వద్దు. మంచి టెంటు కొనుక్కోండి, మిగిలిన డబ్బుతో హోటల్లో ఉండొచ్చు. ఇద్దరే ఉంటారు, కింద పడక చాలు, నడుం వంచి బట్టలు మార్చుకోవడం ఇబ్బంది కాదు అన్నా వద్దు. పిల్లలుండి వ్యాన్‌లో నలుగురూ పడుకోవాలంటే మాత్రం లేచే రూఫ్ లేకుండా పొట్టి వ్యాన్‌లో కుదరదు. ఇంకొక సంగతి అనుభవిస్తేగాని తెలియదు. స్కాట్లండ్‌లో రెండు రోజులు ఆగకుండా వాన పడుతుంటే లోపల నిటారుగా నిలబడి ఒళ్లు విరుచుకోగలగడం చాలా పెద్ద సుఖం. మా ఆవిడ రూఫ్ ఖర్చుకు ఒప్పుకున్నది గ్లెన్‌కోలో అలాంటి రెండో రోజు సాయంత్రమే.

ఎన్ని రకాలున్నాయి? ఏది తీసుకోవాలి?

కొనేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కంపెనీ పేరుతోనో రంగుతోనో మొదలుపెడతారు. నేనైతే ఇంకో రెండు ప్రశ్నలు ముందడగమంటాను. పైన ఎవరు పడుకుంటారు? కింద మీరు ఎక్కడ నిలబడతారు? వీటికి జవాబు దొరికితే రూఫ్ రకం దానంతటదే తేలుతుంది.

ఎక్కువగా కనిపించేది ముందువైపు లేచేది. కీలు వెనక ఉంటుంది, డ్రైవర్ తల మీదుగా మూత పైకి వెళ్తుంది. పక్క నుంచి చూస్తే తెరిచిన మొసలి నోరులా ఉంటుంది. ఇంగ్లండ్ వ్యాన్లలో జారుడు తలుపు ఎడమవైపు, వంటగట్టు కుడివైపు ఉంటాయి కదా, ముందు సీట్ల వెనక, ఆ గట్టు దగ్గరే నిలబడే ఎత్తు వస్తుంది. వండేవాళ్లకు అదే కావాలి. పైన పడుకునేవాళ్ల తలలు ముందుకి, కాళ్లు వెనక్కి. కాళ్ల దగ్గర ఇరుకు, తల దగ్గర విశాలం. మాది ఇదే.

వెనక్కి లేచేవి తక్కువగా కనిపిస్తాయి. వెనక తలుపు తీసి అక్కడే బట్టలు మార్చుకునే సర్ఫర్లకు, సైకిళ్లవాళ్లకు అవి బాగుంటాయి.

నాలుగు మూలలూ సమంగా లేచేవి ఇంకో రకం. ఇటూ అటూ ఒకే ఎత్తు, పైన పడుకున్నవాళ్ల కాళ్లకు కూడా చోటు. కుటుంబంలో ఆరడుగులవాళ్లుంటే ఇది చూడండి. గుడ్డ ఎక్కువ, కత్తెర చేతులూ కీళ్లూ ఎక్కువ. అంటే అరిగే భాగాలూ ఎక్కువే, గాలికి ఆనే పక్కలూ ఎక్కువే.

పక్కకు తెరుచుకునే పాత తరహా రూఫ్ మీద మోజు ఉంటే పాత వ్యాన్‌కే పెట్టించుకోండి. అందులో ఒకవైపే ఎత్తు. పైన పడకలు స్ట్రెచర్ల మాదిరి సన్నగా ఉంటాయి, పిల్లలకే సరిపోతాయి.

పేర్ల సంగతి కూడా అడుగుతారు. ఎస్‌సీఏ, రైమో రెండూ జర్మనీవి, ఇక్కడ బాగా వాడుకలో ఉన్నాయి. స్కైలైన్ లాంటి బ్రిటిష్ రూఫ్‌లూ ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్ తానే చేసే 'క్యాలిఫోర్నియా' అనే క్యాంపర్ వ్యాన్‌లో రూఫ్ అల్యూమినియంది, పై రకాల్లో మీట నొక్కితే అదే లేస్తుంది. 2003లో టీ5 వచ్చినప్పటి నుంచి దాన్ని కంపెనీయే కడుతోంది. జపాన్ నుంచి దిగుమతైన పాత మాజ్డా బొంగో ఫ్రెండీల్లో కూడా ఫ్యాక్టరీ నుంచే కరెంటుతో లేచే రూఫ్ ఉన్నవి దొరుకుతాయి. బడ్జెట్ తక్కువైతే అవి చూడండి.

ఒక్క జాగ్రత్త. రూఫ్ ఆ వ్యాన్ మోడల్ కోసమే చేసినదై ఉండాలి. ట్రాన్స్‌పోర్టర్ టీ5, టీ6 ఒంటికి పై భాగం ఒకటే కాబట్టి వాటి రూఫ్‌లు అటూ ఇటూ సరిపోతాయి. వీల్‌బేస్ పొట్టిదా పొడుగుదా అన్నది ముందే తేల్చుకోండి. పొట్టిది 3000 మిల్లీమీటర్లు, పొడుగుది 3400. ఆ తేడా అంతా రూఫ్ పొడుగులో కనిపిస్తుంది.

దించాక ఎత్తు ఎంత పెరుగుతుంది? కార్ పార్కుల్లోకి వెళ్తుందా?

రూఫ్‌ను బట్టి నాలుగు వేళ్ల మందం నుంచి జానెడులోపు పెరుగుతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ బారికేడ్ దగ్గర అదే పెద్దది. ఇక్కడి బోర్డుల మీద అడుగులు, అంగుళాలు ఉంటాయి. 6 అడుగుల 6 అంగుళాలంటే 1.98 మీటర్లు, 6 అడుగుల 9 అంటే 2.06, 7 అడుగులంటే 2.13. టీ5, టీ6 క్యాలిఫోర్నియాలను 1.99 మీటర్ల దగ్గర ఆపింది రెండు మీటర్ల గ్యారేజీల్లోకి దూరాలనే. బయట బిగించిన రూఫ్‌లు చాలావరకు ఆ గీత దాటుతాయి.

బ్రోచర్లో రాసిన ఎత్తును నమ్మకండి. సస్పెన్షన్, టైర్లు, లోపలి బరువు అన్నీ లెక్కలోకి వస్తాయి. బండి ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి అప్పుడే కొలవండి. మూత మీద అన్నిటికంటే ఎత్తైన చోట ఒక తిన్నని బద్దను అడ్డంగా పెట్టి, దాని మీద స్పిరిట్ లెవెల్ ఉంచి, నేల దాకా టేపు దించండి. వచ్చిన కొలతను మీటర్లలోనూ అడుగుల్లోనూ కాగితం మీద రాసి సన్ వైజర్‌కు అంటించండి. మా ఆవిడ బండి తీసినప్పుడు ఆ కాగితం చూసే మలుపు తిప్పుతుంది.

ఫ్రాన్స్ వెళ్లేవాళ్లకు ఒక మాట. ఛానల్ టన్నెల్ రైలులో 1.85 మీటర్లు దాటిన బండ్లన్నీ ఎత్తైన పెట్టెల్లోకే వెళ్తాయి. మామూలు ట్రాన్స్‌పోర్టర్ ఎలాగూ అంతకంటే ఎత్తే, రూఫ్ వల్ల కొత్తగా మారేదేమీ లేదు. బుకింగ్‌లో మాత్రం సరిగ్గా రాయండి.

పైన ఇద్దరు పెద్దవాళ్లు పడుకోవచ్చా? ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే?

పడక ఎంత బరువు ఆపుతుందో తయారీదారు కాగితంలో ఉంటుంది. అది అడిగి తీసుకోండి. "అందరూ పడుకుంటారండీ, ఏం కాదు" అనే జవాబు చాలదు. టీ5, టీ6 క్యాలిఫోర్నియాల్లో పై పడక 1.20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడుగు. బయట బిగించేవాటిలో చాలావరకు ఇంతకంటే సన్నగా ఉంటాయి. ఉత్త ప్లైవుడ్ చెక్క మీద పల్చటి ఫోమ్ వేసినవి రెండో రాత్రికే నడుం పట్టేస్తాయి. ఫోమ్ కింద ప్లాస్టిక్ స్ప్రింగులున్న పడక దొరికితే అదనంగా డబ్బు పెట్టడానికి వెనకాడకండి.

అమ్మానాన్నల విషయంలో మాత్రం తొందరపడొద్దు. పైకి ఎక్కాలంటే ముందు సీటు చేతి మీదో, గట్టు మీదో కాలు పెట్టి, చేతులతో ఒళ్లు లాక్కోవాలి. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. 2022 వేసవిలో ఆయనొచ్చినప్పుడు నేనూ మా ఆవిడా పైన పడుకున్నాం, ఆయనా అమ్మా కింద. పిల్లలు పక్కన టెంట్లో. రాత్రి నాన్నగారు రెండుసార్లు లేచారు, తలుపు జరిపిన చప్పుడు తప్ప మాకేమీ తెలియలేదు. పైన ఉండి ఉంటే ఆయనకు ఆ రాత్రి నరకమే.

చిన్నపిల్లలను పైన పడుకోబెడితే పడక అంచుకు వల కట్టండి. ఈ వల చాలా రూఫ్‌లతో రాదు, విడిగా కొనాలి. గుడ్డ ఆపుతుందిలే అనుకోకండి. అది గాలినీ వాననూ ఆపడానికి కుట్టింది, మనిషి బరువును కాదు.

గుడ్డ ఏ రకం తీసుకోవాలి?

రెండు దారులున్నాయి. నూలు కలిసిన గుడ్డ గాలి పీల్చుకుంటుంది, ఊపిరి తేమ కొంత బయటికి పోతుంది, కానీ తడిస్తే ఆరడానికి టైం పడుతుంది. పూత పూసిన పాలిస్టర్ వానకు గట్టిది, త్వరగా ఆరుతుంది, కాకపోతే తెల్లారేసరికి లోపలి వైపు నీటి బొట్లు పట్టి పిల్లల దుప్పటి తడుస్తుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ వానల్లోనే ఎక్కువ తిరిగేవాళ్లు పూత ఉన్నది తీసుకుని కిటికీ కొంచెం తెరిచి పడుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కిటికీలు ఎన్నున్నాయన్నది గుడ్డ రకంకంటే ముఖ్యం. ముందు ఒకటి, పక్కలకు రెండూ ఉండి, మూడింటికీ దోమతెర ఉండాలి. స్కాట్లండ్ పడమటి తీరంలో వేసవి సాయంత్రాల్లో మిడ్జ్‌లని నల్ల దుమ్మంత పురుగులు గుంపులుగా వస్తాయి. వాటిని ఆపాలంటే మామూలు దోమతెర కళ్లు పెద్దవైపోతాయి. సన్న కళ్లది ఉందా అని అడిగి తీసుకోండి.

కప్పు కోసేస్తే బండి బలం తగ్గదా? ప్రమాదం జరిగితే?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను చూస్తే నాకు సంతోషమేస్తుంది, ఎందుకంటే ఎక్కువమంది అడగరు. తగ్గుతుంది. కప్పు రేకు కింద అడ్డంగా ఇనప పట్టీలుంటాయి, పక్కల్ని కలిపి పట్టుకునేవి అవే. పాప్‌టాప్ పెట్టాలంటే వాటిలో కొన్నిటిని కోసేయక తప్పదు. పోయిన బలాన్ని తిరిగి ఇవ్వడానికే రంధ్రం చుట్టూ ఇనప చట్రం వేస్తారు. ఆ చట్రాన్ని పాలీయురేథేన్ జిగురుతో అంటించి, బోల్టులూ రివెట్లూ వేస్తారు. కొన్ని రూఫ్‌లకు చట్రం పెద్దది, ఒక్క ముక్కగా వస్తుంది. కొన్నిటికి నాలుగు ముక్కలు. అసలు చట్రమే లేకుండా ఫైబర్‌గ్లాస్ అంచుతో సరిపెట్టేవీ చూశాను. వాటి జోలికి పోకండి.

అడగాల్సింది ఒక్కటే. ఈ రూఫ్‌ను ఈ మోడల్ వ్యాన్ మీద బిగించి పరీక్ష చేశారా, దాని కాగితం ఉందా? జర్మనీ రూఫ్‌లకు టీయూవీ (అక్కడి సాంకేతిక తనిఖీ సంస్థ) ఆమోదం ఉంటుంది. బ్రిటిష్ తయారీదారుల్లోనూ పరీక్ష చేయించినవాళ్లు ఆ కాగితం చూపించడానికి ముందుకొస్తారు. సీట్ల పరీక్ష వేరు, రూఫ్ పరీక్ష వేరు. ఒకదాని కాగితం చూపించి రెండోదానికి సరిపెడుతుంటే ఆగండి.

మీ వ్యాన్‌కి పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటే అవి కప్పు అంచు వెంటే మడిచి ఉంటాయి. కోసే ముందే బిగించేవాళ్లకు చెప్పండి, వాళ్లు ఎలా చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

బరువు కూడా భద్రతే. ట్రాన్స్‌పోర్టర్ల వెనక టీ28, టీ30, టీ32 అని ఉంటుంది. నిండు బరువు 2800, 3000, 3200 కిలోలని దాని అర్థం. టీ28 కొని రూఫ్, పడక, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, రెండో బ్యాటరీ, నలుగురు మనుషులు, బియ్యం మూట కలిపితే హద్దు చాలా త్వరగా వచ్చేస్తుంది. మొదటి ట్రిప్పుకు సామానంతా ఎక్కించి, దగ్గర్లోని వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించండి.

బిగించేవాళ్లను ఎలా ఎంచుకోవాలి?

నా మాట ఏమిటంటే, మామూలు రూఫ్‌ను మంచి చేతులు బిగిస్తే ఇరవై ఏళ్లు ఉంటుంది. మంచి రూఫ్‌ను తొందరపడే చేతులు బిగిస్తే రెండో చలికాలానికే కారుతుంది. ఇది మా ఇంట్లో జరిగిందే.

మాకు రూఫ్ వేసిన వర్క్‌షాప్ జనవరిలో, చల్లటి షెడ్డులో పని చేసింది. సోమవారం పొద్దున ఇచ్చాను, మంగళవారం సాయంత్రం తెచ్చుకున్నాను. అంత త్వరగా ఇచ్చారని మురిసిపోయాను కూడా. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడేది. చలి ఎక్కువైతే ఆ పని నెమ్మదిస్తుంది. పూర్తిగా గట్టిపడక ముందే బండి రోడ్డెక్కి కుదుపులు తింటే అంచుల్లో సన్నటి ఖాళీలు పడతాయి. మరుసటేడు నవంబర్లో ఒక పొద్దున ముందు ఎడమ మూలన, లోపలి గుడ్డ మీద చాయ్ మరకలాంటిది కనిపించింది. వేలితో నొక్కితే చెమ్మ. లైనింగ్ విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కప్పు కోసినప్పుడు రాలిన ఇనప రజను ఊడ్చలేదు. సన్నటి పొడి తడిసి, అది పడ్డచోటల్లా చిన్న చిన్న నారింజ చుక్కలుగా తుప్పు. ఆ మూలంతా గీకి, ప్రైమర్ వేసి, సీలెంట్ మళ్లీ పెట్టించడానికి ఇంకొకరి దగ్గరికి వెళ్లాల్సివచ్చింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు వర్క్‌షాప్‌కి వెళ్లి చూసి రమ్మంటాను. సగంలో ఉన్న బండిని చూపించమనండి. కోసిన అంచుకు ఆకురాయి పట్టి నున్నగా చేశారా, దాని మీద ప్రైమర్ ఉందా, కోసేటప్పుడు లోపలంతా ప్లాస్టిక్ కప్పారా, వ్యాక్యూమ్ కొట్టారా. జిగురు పెట్టాక బండిని ఎన్ని గంటలు కదపకుండా ఉంచుతారో అడగండి. చలికాలంలో షెడ్డు వేడిగా ఉంచుతారో లేదో అడగండి. రెండు మూడేళ్ల కింద వాళ్లు చేసిన ఒక బండి యజమానితో మాట్లాడించమనండి. కొత్త బండి ఎవరిదైనా బాగానే ఉంటుంది, మూడేళ్ల బండే నిజం చెబుతుంది.

బండి ఇంకా కంపెనీ వారంటీలో ఉంటే, కప్పు కోశాక తుప్పు వారంటీ ఎంతవరకు చెల్లుతుందో కూడా ముందే రాతలో తీసుకోండి.

ఖర్చెంత అవుతుంది?

నేను 2021లో కొటేషన్లు తీసుకున్నప్పుడు బిగింపుతో కలిపి మూడు వేల పౌండ్ల నుంచి ఐదున్నర వేల దాకా చెప్పారు. ఇప్పుడు అంతకంటే పెరిగాయి. కొటేషన్లో పడక ఉందా, లోపలి లైనింగ్ ఉందా, మూతకు బండి రంగు వేసి ఇస్తారా అన్నవి చూడండి. తక్కువ ధర చెప్పినవాళ్లు ఈ మూడింటినీ తర్వాత కలుపుతారు. రంగుకు పేరు చెబితే చాలదు, కోడ్ ఇవ్వండి. మాది తెల్లది, ఎల్‌బీ9ఏ. తెలుపులోనే ఎన్ని తెలుపులున్నాయో మూత ఎండలో పెట్టాక తెలిసింది.

డీవీఎల్‌ఏకి, ఇన్సూరెన్స్‌కి చెప్పాలా?

ఇన్సూరెన్స్‌కి తప్పకుండా, పని మొదలుపెట్టే ముందే. కప్పు కోయడమంటే బండి రూపం మార్చడమే. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు మీ పక్కన ఎవరూ ఉండరు. క్యాంపర్ వ్యాన్ పాలసీలిచ్చే కంపెనీలు వేరుగా ఉన్నాయి. పని జరుగుతున్న దశల్లో ఫొటోలు తీసి పెట్టుకోండి, వాళ్లు అడుగుతారు.

డీవీఎల్‌ఏ, అంటే ఇక్కడ బండ్లు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ, సంగతి చాలామందిని నిరాశపరుస్తుంది. వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితంలో బండి రకాన్ని 'మోటార్ క్యారవాన్' అని మార్చుకోవాలంటే బయటి నుంచి చూసినా అది క్యారవాన్‌లా కనిపించాలంటారు. బయటి లక్షణాల జాబితాలో హైటాప్ ఉంది, కానీ లేచే పాప్‌టాప్ అందులోకి రాదని అక్కడే స్పష్టంగా రాశారు. పక్క కిటికీలు, అవనింగ్ (పక్కన వేసుకునే నీడ గుడ్డ) తగిలించే పట్టీ, రెండు వైపులా బొమ్మలు వంటివి ఉంటే దరఖాస్తుకు బలం వస్తుంది. చాలా బండ్లకు చివరికి 'పక్క కిటికీలున్న వ్యాన్' అనే వస్తుంది. దానివల్ల బండి వాడుకోవడానికి అడ్డమేమీ లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకు అసలు పరిస్థితి తెలిసి, వాళ్లు ఒప్పుకుని ఉంటే చాలు.

గాలి, వాన, చలి తట్టుకుంటుందా?

వాన తట్టుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ మీద చినుకుల చప్పుడు మొదటి రాత్రి నిద్ర పట్టనివ్వదు, మూడో రాత్రి అదే జోలపాట.

గాలితో జాగ్రత్త. ముందు లేచే రూఫ్ ఉన్నవాళ్లు బండి వెనక భాగాన్ని గాలికి ఎదురుగా పెట్టండి. అప్పుడు గాలి వాలు మీదుగా జారిపోతుంది. ముందు భాగం పెడితే పెద్ద గుడ్డ తెరచాపలా నిండి రాత్రంతా టపటపలాడుతుంది. మరీ ఈదురుగాలి వస్తే మొహమాటపడకుండా దించేసి అందరూ కిందే సర్దుకోండి.

చలికి గుడ్డ అడ్డం కాదు. బయటి నుంచి చుట్టే థర్మల్ కవర్ ఒకటి కొంటే తేడా తెలుస్తుంది. డీజిల్ హీటరుంటే వేడిగాలి పైకే చేరుతుంది కాబట్టి పైన పడుకున్నవాళ్లు వెచ్చగా ఉంటారు. గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పడుకున్నవాళ్లు లేవరు. పది, ఇరవై పౌండ్లకు అలారం వస్తుంది, అది లేకుండా ఒక్క రాత్రి కూడా వద్దు.

ఒకటి ముందే తెలిస్తే మంచిది. చలి ఎక్కువైనప్పుడు గ్యాస్ స్ట్రట్ల (మూతను పైకి తోసే గ్యాస్ కడ్డీల) బలం తగ్గుతుంది. వేసవిలో ఒక్క తోపుతో లేచిన మూత జనవరిలో భుజం పెట్టిస్తుంది. అది చెడిపోయినట్టు కాదు.

మన వంట చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, పోపు మాత్రం బయటే వేయండి. ఆవాలు చిటపటలాడుతున్నప్పుడు ఎగిసే నూనె ఆవిరి నేరుగా పైకి వెళ్లి గుడ్డకు పట్టుకుంటుంది. ఇంగువ వాసన వారమైనా పోదు, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. మేం అన్నం, పప్పు లోపల కుక్కర్లో పెట్టి, తాలింపు బయట చిన్న పొయ్యి మీద వేస్తాం. పులిహోర పులుసు ఇంటి దగ్గరే చేసి సీసాలో తెచ్చుకుంటే మొదటి రాత్రి అన్నం ఉడికించుకుంటే చాలు. లోపల వండినంతసేపూ రూఫ్ లేపి, కిటికీలు తెరిచి, పొయ్యికి పైన గుడ్డ వేలాడకుండా చూసుకోండి.

రూఫ్ మీద సోలార్ ప్యానెల్, కయాక్ పెట్టొచ్చా?

వంగే పల్చటి సోలార్ ప్యానెల్ అతికించొచ్చు, ఆ బరువు చెప్పి దానికి తగ్గ స్ట్రట్లు వేయించుకోండి. కయాక్ సంగతి రూఫ్ తయారీదారుని అడగాలి. కొన్నిటి మీద పట్టీలకు చోటిస్తారు, కానీ రూఫ్ లేపే ముందు కయాక్ దించక తప్పదు.

రూఫ్ ఉన్న పాత వ్యాన్ కొంటే ఏం చూడాలి?

వాన పడిన మర్నాడు చూడ్డానికి వెళ్లండి. రూఫ్ మీరే లేపండి, అమ్మేవాళ్లతో లేపించొద్దు. లేపి పది నిమిషాలు వదిలేస్తే స్ట్రట్లు నీరసంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. గుడ్డ మడతల్లో ముక్కు పెట్టి వాసన చూడండి. బూజు వాసనకు మందు లేదు, గుడ్డ మార్చడమే. ఫోన్ టార్చి పక్క నుంచి వేసి నాలుగు మూలల లైనింగ్ చూడండి, పాత చెమ్మ మరక అంచు గీతలా కనిపిస్తుంది. కీళ్ల దగ్గర ఫైబర్‌గ్లాస్ మీద వెంట్రుకవాసి పగుళ్లున్నాయా చూడండి. రూఫ్ బిగించిన బిల్లు, తయారీదారు పేరున్న ప్లేటు రెండూ లేకపోతే ధర తగ్గించడం కాదు, వదిలేయమంటాను.

ఇదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకోవచ్చా?

ఇక్కడిలా ఏదో షెడ్డులో కప్పు కోయించుకుంటానంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్లో ఉన్న తయారీదారు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే చెప్పింది. క్యారవాన్‌గానే ఆమోదం పొంది, క్యారవాన్‌గానే రిజిస్టరైన బండి కొనడం సరైన దారి. ఇక్కడి నుంచి తిరిగి వెళ్లిపోతూ వ్యాన్ తీసుకెళ్దామనుకునే మిత్రులకు కూడా ఇదే చెబుతున్నాను, ముందు ఆర్టీఓ దగ్గర మాట్లాడండి.

మూసేటప్పుడు గుడ్డ ఎప్పుడూ ఇరుక్కుంటోంది. ఏం చేయాలి?

ముందు జారుడు తలుపు తెరవండి. తలుపులన్నీ మూసి ఉంటే లోపలి గాలికి దారి ఉండదు, గుడ్డ బుడగలా బయటికి ఉబ్బి మూత కింద నలుగుతుంది. రూఫ్‌ను ఒక్కసారిగా లాగేయకండి. సగం దాకా దించి ఆపి, చుట్టూ గుడ్డను లోపలికి లాగండి. గుడ్డ చుట్టూ సాగే తాడు ఉంటే అది సగం పని చేసిపెడుతుంది. తర్వాత పూర్తిగా దించి, పట్టీలు రెండూ బిగించి, కిందికి దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. మా చిన్నోడి పని అదే, చుట్టూ తిరిగొచ్చి "ఎక్కడా గుడ్డ లేదు నాన్నా" అంటేనే తాళం తిప్పుతాను. తడి గుడ్డతో మూయాల్సివస్తే ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా, వాకిట్లో మళ్లీ లేపి ఆరబెట్టండి. రెండు రోజులు మడతలో ఉంటే చాలు, నల్లచుక్కలు మొదలవుతాయి.